బటన్ అమ్మది, మీది కాదు

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. పోయిన నెల పెద్దపేగు ఆపరేషన్ అయింది. సెలైన్ స్టాండుకు ఒక చిన్న మెషిన్ బిగించి, దాని వైరు చివరున్న బటన్ అమ్మ చేతికిచ్చి నొప్పి వస్తే నొక్కుకోమన్నారు. కీళ్లనొప్పుల వల్ల అమ్మకు కుడిచేతి బొటనవేలు సరిగ్గా వంగదు. రెండో రాత్రి నిద్రలో మూలుగుతుంటే చూడలేక నేనే రెండుసార్లు నొక్కాను. నర్సు చూసి అందరి ముందూ కసిరింది. నేను చేసిన తప్పేమిటి? అమ్మ పదిసార్లు నొక్కితే మూడుసార్లే మందు వెళ్లినట్టు మెషిన్‌లో కనిపించింది. మరి ఆ బటన్ ఉత్తుత్తిదేనా? లోపలుండేది మార్ఫిన్ అట, అలవాటైపోదా? మూడు నెలల్లో ఇంకో ఆపరేషన్ ఉందన్నారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు మీది కాదు. ఆ బటన్ ఎవరు నొక్కాలో ఆపరేషన్‌కు ముందే మీకు చెప్పి ఉండాల్సింది. కానీ నర్సు కంగారు మాత్రం నిజమైనదే.

నేను మత్తు డాక్టర్‌ని. పీజీ చదివే రోజుల్లో మా వార్డులో, మీరు చూసిన మెషిన్ లాంటి, పేషెంటే బటన్ నొక్కి నొప్పి మందు తీసుకునే ఈ పంపులు లేవు. పొట్ట కోసిన మనిషికి నొప్పి మొదలైతే మనవాళ్లు వెళ్లి సిస్టర్‌ను పిలవాలి. ఆమె బీరువా తాళం తీసి, రిజిస్టర్‌లో రాసి, ఇంకొకరి చేత సంతకం పెట్టించి, మందు ఎక్కించుకుని వచ్చేసరికి అరగంట. కండకు వేసిన సూది పనిచేయడానికి ఇంకాస్త సేపు. ఆ తర్వాత ఒక్కసారిగా మగత, నాలుగు గంటలు తిరిగేలోపే మళ్లీ నొప్పి. రోజంతా ఇదే వరస.

ఈ పంపు ఆ వరసను మార్చింది. 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పేరుతో ఒక మెషిన్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత మోడళ్లు ఎన్ని మారినా కిటుకు అదే. లోపల మార్ఫిన్ నింపిన సిరంజి, దానికి తాళం. ఆపరేషన్ అయ్యాక ముందు మేమే నరానికి కొద్దికొద్దిగా మందిచ్చి నొప్పి తగ్గిస్తాం. తగ్గిన నొప్పి మళ్లీ పెరగకుండా చూసుకోవడానికే పంపు. మామూలుగా ఒక నొక్కుకు 1 మిల్లీగ్రాము వెళ్లేలా పెడతాం. ఒకసారి వెళ్లాక 5 నుంచి 10 నిమిషాలు మెషిన్ తలుపు మూసేసుకుంటుంది. 10 నిమిషాలు పెట్టామనుకోండి, అరవైసార్లు నొక్కినా గంటలో ఆరు మోతాదులే వెళ్తాయి.

కాబట్టి మీ అమ్మగారి బటన్ ఉత్తుత్తిది కాదు. పదికి మూడే వెళ్లాయంటే మిగతా ఏడూ తలుపు మూసి ఉన్నప్పుడు నొక్కినవి. ఆ ఏడు కూడా మాకు కబురే. రౌండ్స్‌లో నేను మొదట చూసేది ఆ రెండు అంకెలనే. నొక్కినవి ఎక్కువ, వెళ్లినవి తక్కువ అంటే మోతాదు చాలడం లేదేమో, లేదా ఎలా వాడాలో మనిషికి అర్థం కాలేదేమో. ఒక పెద్దాయన దాన్ని సిస్టర్‌ను పిలిచే బెల్లు అనుకుని, ఎవరూ రావడం లేదని రాత్రంతా కోపంగా నొక్కారు. ఇంకొకాయన అసలు ముట్టుకోలేదు. అడిగితే, నొక్కినకొద్దీ ఆటో మీటరులా బిల్లు తిరుగుతుందేమో అన్నారు!

ఇక మీరు నొక్కిన సంగతి. ఈ పంపుకున్న అసలు కాపలా తాళమూ కాదు, టైమరూ కాదు, నిద్ర. మార్ఫిన్ కాస్త ఎక్కువైతే ముందు మగత వస్తుంది, ఆ తర్వాతే ఊపిరి మందగిస్తుంది. మగతలో ఉన్న మనిషి బటన్ నొక్కలేదు. నొక్కకపోతే మందు వెళ్లదు. పక్కవాళ్లు నొక్కితే ఆ కాపలాను తప్పించినట్టే.

ఇది నా కళ్లముందే జరిగింది. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో తండ్రికి నొప్పి తెలియకూడదని కొడుకు రాత్రంతా మేలుకుని, గడియారం చూసి మరీ నొక్కాడు. తెల్లారుజామున సిస్టర్ లెక్కపెడితే నిమిషానికి ఆరే శ్వాసలు. పిలిస్తే పలకడం లేదు. పంపు ఆపి, ఆక్సిజన్ పెట్టి, మార్ఫిన్‌కు విరుగుడైన నాలాక్సోన్ ఇచ్చాం. పెద్దాయన కళ్లు తెరిచారు. అందరం కలిసి ఆ పిల్లవాడిని తిట్టాం. మధ్యాహ్నానికి గానీ తట్టలేదు, అతనికి ఈ ముక్క మాలో ఎవరూ చెప్పలేదని. ఆ రోజు నుంచి బటన్ వైరుకు ప్లాస్టర్ చుట్టి ‘పేషెంటే నొక్కాలి’ అని నా చేత్తోనే రాసి పెడుతున్నాను.

నిద్రలో మూలిగితే ఏం చేయాలి? మెల్లగా పిలవండి. లేచి నొప్పి అంటే బటన్ వారి చేతికివ్వండి, వారే నొక్కుకుంటారు. ఎంత పిలిచినా లేవకపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా వెంటనే సిస్టర్‌ను కేకేయండి. అలాంటప్పుడు మొహమాటం పనికిరాదు.

అలవాటు భయం గురించి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు, ఇలా కొలిచి ఇచ్చే మందుతో బానిసలయ్యే భయం చాలా తక్కువ. ఆ భయంతో పళ్ల బిగువున ఓర్చుకునేవాళ్లే నన్ను ఎక్కువ టెన్షన్ పెడతారు. నొప్పికి జడిసి దగ్గరు, గట్టిగా ఊపిరి తీయరు. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని న్యుమోనియా దాకా పోతుంది. మంచం దిగే ముందు, ఫిజియోథెరపీ వాళ్లు వచ్చే ముందు ఓ పది నిమిషాలు ఉండగానే నొక్కుకోమనండి. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకుంటే కుట్లు అంతగా లాగవు. వాంతి, దురద, మలబద్ధకం రావచ్చు. వాటికి మందులున్నాయి, అడగండి.

ఈ పంపు ఆపరేషన్ వాళ్లకే కాదు. ఒళ్లు కాలినవాళ్లకు, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో ఎముకలు పిండేసే నొప్పి వచ్చినవాళ్లకు కూడా పెడతారు. కాన్పు నొప్పులకు వెన్నులో పెట్టే సన్నని గొట్టానికీ ఇలాంటి బటనే ఉంటుంది, మందు మాత్రం వేరు. మతి స్థిమితంగా లేనివాళ్లకు, చెబితే అర్థం కాని పసిపిల్లలకు ఇవ్వం. కిడ్నీలు దెబ్బతింటే మార్ఫిన్ శరీరంలో పేరుకుంటుంది కాబట్టి ఫెంటానిల్ లాంటి వేరే నొప్పి మందు వాడతాం. అమ్మగారికి గురక, కిడ్నీ సమస్య ఏదైనా ఉంటే ముందే చెప్పండి.

వచ్చే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చూడటానికి వచ్చినప్పుడు ఆ బొటనవేలి సంగతి మొదట చెప్పండి. అసలు పంపు అవసరమో కాదో వారు చెబుతారు. అవసరమంటే ముందురోజే ఆ బటన్ తెప్పించమని అడిగి, మందు లేకుండా అమ్మగారి చేత నాలుగుసార్లు నొక్కించండి. ఎడమచేత్తో నొక్కగలిగితే సెలైన్ సూది కుడిచేతికి పెట్టమనండి.