పశ్చిమ సహారా దారిన వెళ్తానంటున్న మా అమ్మాయికి

విశాఖపట్నం

స్వాతీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "బ్రిటిష్ గవర్నమెంటే వద్దంటుంటే ఇది వెళ్తానంటుందేంటి బావగారూ" అని ఒకటే టెన్షన్. నువ్వేమో "యూట్యూబ్‌లో చూడండి, అందరూ వెళ్తున్నారు" అన్నావట. మీ ఇద్దరిలో ఎవరూ ఆ హెచ్చరికను చివరిదాకా చదివి ఉండరని నా అనుమానం.

నేను వెళ్లొద్దని రాయడం లేదు. మొరాకోలోని అగాదిర్ నుంచి పశ్చిమ సహారా ఊళ్లు లాయూన్, దఖ్లా మీదుగా మారిటానియా సరిహద్దు దాకా మంచి తారు రోడ్డుంది. దాని మీద కూరగాయల లారీలు తిరుగుతూనే ఉంటాయి. దఖ్లాకి కైట్ సర్ఫింగ్ (గాలిపటం లాగుతుంటే నీళ్ల మీద జారే ఆట) కోసం యూరప్ జనం విమానాల్లో దిగుతారు. అయితే బయల్దేరే ముందు బ్రిటిష్ ప్రభుత్వ ప్రయాణ హెచ్చరిక పేజీని బీమా పత్రం చదివినట్టు చదవాలి. ఓడల్లో ఉన్నన్నాళ్లూ మేం అలాగే చదివేవాళ్లం. లండన్‌లో బీమావాళ్ల కమిటీ ఒకటి ప్రమాదకరమైన సముద్ర ప్రాంతాల జాబితా వేస్తుంది. ఆ గీత దాటితే యుద్ధ ప్రమాదం కింద అదనపు ప్రీమియం కట్టాలి. గీతకు అవతల సముద్రం అద్దంలా ఉండొచ్చు, ఇవతల తుఫాను ఉండొచ్చు. ఏదైనా జరిగితే ఖర్చు ఎవరిదన్నది మాత్రం ఆ గీతే చెప్పేది.

ముందు గీత ఎక్కడుందో చూడు. స్పెయిన్ 1976లో వదిలి వెళ్లిన ఈ నేల ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఇది 1963 నుంచీ స్వపరిపాలన లేని ప్రాంతమే. పడమటి వైపు పెద్ద భాగం మొరాకో చేతిలో ఉంది, తూర్పున ఎడారి పట్టీ పోలిసారియో (సహ్రావీలనే స్థానిక జనానికి వేరే దేశం కావాలని పోరాడే సంస్థ) చేతిలో ఉంది. మధ్యలో మొరాకో సైన్యం కట్టిన ఇసుక గట్టు సుమారు 2,700 కిలోమీటర్లు సాగుతుంది. దాని వెంబడి మందుపాతరలు. 1991లో ఆ ఇద్దరికీ కాల్పుల విరమణ కుదిరింది. 2020 నవంబర్‌లో సరిగ్గా నువ్వు దాటాలనుకుంటున్న గెర్గెరాత్ సరిహద్దు పోస్టు దగ్గరే గొడవ జరిగి, ఆ విరమణ ఇక లేదని పోలిసారియో ప్రకటించింది. 2023 అక్టోబర్‌లో మొరాకో చేతిలోని స్మారా ఊళ్లో పేలుళ్లు జరిగి ఒకరు చనిపోయారు. అందుకే బ్రిటన్ పేజీ గట్టుకు తూర్పునున్న భాగమంతా వద్దంటుంది, గట్టుకు ఇటువైపు 30 కిలోమీటర్ల పట్టీ కూడా వద్దంటుంది.

స్కేలు పట్టుకుని మ్యాప్ మీద ఆ 30 కిలోమీటర్లు కొలువు. దఖ్లా సముద్రం ఒడ్డునే ఉంది, లాయూన్ సముద్రానికి దగ్గర్లో ఉంది కాబట్టి రెండూ గట్టుకు దూరం. కానీ దక్షిణాన గట్టు మారిటానియా సరిహద్దు దాకా వచ్చేసింది. అంటే దఖ్లా దాటాక రోడ్డు చివరి భాగం ఆ పేజీ వద్దన్న ఎర్ర రంగులోకి దూరుతుంది. మీ అమ్మ మొత్తం ఎడారంతా ఎర్రగా ఉందనుకుంటోంది, నువ్వు రోడ్డంతా పచ్చగా ఉందనుకుంటున్నావు.

తర్వాత మాటలు చూడు. "ఏ ప్రయాణమూ వద్దు", "తప్పనిసరైతే తప్ప వద్దు" అని రెండు మెట్లు ఉంటాయి. ఏది తప్పనిసరో మీరే తేల్చుకోండని ప్రభుత్వం అంటుంది. క్లెయిమ్ పెట్టినప్పుడు మాత్రం తేల్చేది బీమా కంపెనీ. విహారయాత్ర తప్పనిసరి అని వాళ్లను ఒప్పించడం బ్రహ్మతరం కూడా కాదు. నీ పాలసీ లండన్‌లో కొన్నదే కాబట్టి, నీ పాస్‌పోర్టు ఏ దేశానిదైనా దాని షరతులు బ్రిటన్ హెచ్చరికకే ముడిపడి ఉండొచ్చు. అందులో మొరాకో అని రాసి ఉంటే పశ్చిమ సహారా కూడా కలిసినట్టు అనుకోకు. కంపెనీని ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో అడుగు. జవాబు ప్రింటు తీసి పెట్టుకో.

నీతో వస్తున్న స్నేహితులిద్దరికీ లేని చిక్కు నీకొకటి ఉంది. వాళ్లవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, నీది మనది. నువ్వు లండన్‌లో ఎన్నేళ్లు పన్ను కట్టినా, ఆ ఎడారిలో నీ కోసం బ్రిటిష్ ఎంబసీ కదలదు. నీకు దిక్కు రబాత్‌లోని మన రాయబార కార్యాలయం. దఖ్లా నుంచి రోడ్డు మీద అది 1,500 కిలోమీటర్లకు పైనే. దఖ్లాలో, లాయూన్‌లో చాలా ఆఫ్రికా దేశాల కాన్సులేట్లు కనిపిస్తాయి, మనది లేదు. మన ప్రభుత్వం 1985లో పోలిసారియో వాళ్ల రిపబ్లిక్‌ను గుర్తించి, 2000లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. ఆ తగువులో మనవాళ్లు తలదూర్చరు. బయల్దేరే ముందే రబాత్‌కు నీ దారి, తేదీలు ఈమెయిల్ చెయ్యి.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. మొరాకోలోని తర్ఫాయా ఊరు దాటి పశ్చిమ సహారాలోకి వెళ్లేటప్పుడు గేటూ ఉండదు, స్టాంపూ ఉండదు, మొరాకో వీసాయే నడుస్తుంది. గెర్గెరాత్ దగ్గర మాత్రం మొరాకో ఎగ్జిట్ స్టాంపు కొట్టాక కొన్ని కిలోమీటర్లు ఎవరిదీ కాని నేల వస్తుంది. నీ ఈ-వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే, అవతల మారిటానియావాళ్లు కాదంటే వెనక్కి రావడానికీ నీ దగ్గర కాగితం ఉండదు. నీ స్నేహితులు వీసా లేకుండానే తిరిగి వచ్చేస్తారు. ఆ నేలలో బండ్లు వెళ్లే జాడ వదిలి పక్కకు అడుగు పెట్టకూడదు. వానలొస్తే మందుపాతరలు చోటు మారతాయి. మూత్రానికైనా సరే, రోడ్డు దిగొద్దు.

దారి పొడవునా పోలీసు చెక్‌పోస్టులుంటాయి. పేరు, పాస్‌పోర్టు నంబరు, వృత్తి, బండి నంబరు రాసిన కాగితం అడుగుతారు. ఒక కట్ట జిరాక్సులు తీసుకెళ్తే చెప్పిన మాటే చెప్పే పని తప్పుతుంది. డ్రోన్ ఇంట్లో వదిలెయ్యి, విమానాశ్రయంలోనే లాక్కుంటారు. యూనిఫాం వేసుకున్నవాళ్లను, చెక్‌పోస్టులను ఫొటో తీయొద్దు. ఆ ప్రాంతాన్ని వేరే దేశంగా చూపే మ్యాపు బ్యాగులో పెట్టుకోకు. మన కశ్మీర్‌ను వేరే రంగులో చూపిస్తే మనవాళ్లు ఎలా భగ్గుమంటారో నీకు చెప్పక్కర్లేదు. అక్కడ అధికారులు దాన్ని మొరాకో దక్షిణ ప్రాంతాలు అంటారు, విని ఊరుకో. ఇంట్లో తిండి పెట్టిన సహ్రావీ కుటుంబం రాజకీయం మాట్లాడితే అదీ విను, ఫేస్‌బుక్‌లో మాత్రం వాళ్ల ఫొటో పెట్టకు. నువ్వు విమానం ఎక్కి వచ్చేస్తావు, వాళ్లు అక్కడే ఉంటారు.

రాత్రి బండి నడపొద్దు. ఒంటెలు, ఇసుక మేటలు చీకట్లో కనపడవు. పెట్రోలు అక్కడ చౌకే, బంకుల మధ్య దూరమే ఎక్కువ.

ఫ్రాన్స్ 2024లో, బ్రిటన్ 2025లో పశ్చిమ సహారాకు తన కిందే స్వయంపాలన ఇస్తానన్న మొరాకో ప్రతిపాదన వైపు మొగ్గాయి కదా, ఇక హెచ్చరికలు పాతబడ్డట్టేనని నీ స్నేహితుడు అన్నాడట. ఎంబసీల్లో మాట మారినంత మాత్రాన గట్టు పక్క పాతినవి ఎవరూ తవ్వి తీయలేదు. అందుకే పేజీని ఎప్పుడు మార్చారో ఆ తేదీ చూడు. టికెట్ కొనేటప్పుడు ఒకసారి, బయల్దేరే రోజు ఒకసారి.

మారిటానియా గురించి నాకు భయం ఎక్కువ. 2025 జులైలో మాలీలోని కాయెస్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను ఎత్తుకెళ్లారు. కాయెస్ మారిటానియా సరిహద్దుకు దగ్గరే. మీ దారి అటు కాదని తెలుసు. అయినా ఒక దేశం చూడ్డానికి ఇంకో హెచ్చరిక పేజీ తెరవాల్సి వస్తే ఈసారికి చాలించు. నా మాట ఇది: లాయూన్, దఖ్లా చూడు, అక్కణ్నుంచి కాసాబ్లాంకాకు విమానం ఎక్కు. వాళ్లిద్దరూ గెర్గెరాత్ దాటాలనుకుంటే దాటనీ.

పాలసీలో మినహాయింపుల పేజీ స్కాన్ చేసి పంపు, నేనూ చదువుతాను. మీ అమ్మతో మాట్లాడాను. దఖ్లా దాకా అయితే ఒప్పుకునేలాగే ఉంది.

మీ పెదనాన్న