ఇంటర్‌లో మార్కులు ఇంత ధారాళంగా ఎందుకు పడుతున్నాయి?

పిల్లల తెలివి పెరిగిందా, మార్కులే చవకయ్యాయా అని అడిగారు. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ.

తెలంగాణ ఎంపీసీలో మొత్తం 1000 మార్కులు. ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌వి చెరో 30. ఈ అరవై పోగొట్టుకునేవాళ్లు తక్కువే. థియరీలో ఛాయిస్ ఎక్కువ, పాత ప్రశ్నలే తిరిగొస్తుంటాయి, బట్టీ కొడితే గట్టెక్కొచ్చు. పైగా కాలేజీకి ర్యాంకులే ప్రకటన, బోర్డుకు ఉత్తీర్ణత శాతమే పరువు. ఇక చెయ్యి బిగబట్టి దిద్దాలని ఎవరికుంటుంది?

2021లో కరోనా వల్ల సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి. ఫస్టియర్ మార్కులనే మళ్లీ వేసి, ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులిచ్చి అందరినీ పాస్ చేశారు (అప్పటి పరిస్థితుల్లో వేరే దారి లేదనుకోండి). మన దగ్గరే కాదు, అదే ఏడాది ఢిల్లీ హిందూ కాలేజీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్‌కు తొలి కటాఫ్ నూటికి నూరు!

అందరూ పైమెట్టు మీదే ఉంటే మెమో చూసి ఎవరినీ వేరుచేయలేం. అందుకే ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022 నుంచి సీయూఈటీకి (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షకు) మారింది. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని తెలంగాణ తీసేసింది. దీంతో ఒక్క పరీక్షే సర్వస్వమై, కోచింగ్ ఫీజు కట్టగలిగినవాళ్లకే మొగ్గు దొరుకుతోంది. ఈ మందు కూడా నాకు నచ్చలేదు.