నాటాల్ ఓడల జాబితాలో ముత్తాత పేరు దొరకకపోతే

1890ల చివర్లో విశాఖపట్నం వైపు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన మీ ముత్తాత పేరు ఓడల జాబితాలో ఎంత వెతికినా కనిపించలేదని రాశారు. నిరాశపడకండి. ముందు ఇంటిపేరుతో వెతకడం మానండి, ఆ జాబితాల్లో సాధారణంగా అది ఉండదు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్న ఒక్క పేరు, పక్కన తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీది మచ్చలు ఉంటాయి. అప్పన్న, అప్పయ్య, అప్పడు ఒకే మనిషి కావచ్చు. కాబట్టి తండ్రి పేరు, ఊరు కలిపి చూడండి.

చాలామంది జిల్లా దగ్గరే దారి తప్పుతారు. మీ ఊరు ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉంటే, అప్పట్లో గంజాం జిల్లా కింద ఉండే అవకాశం ఎక్కువ. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లోనే, కాబట్టి జాబితాలో ఆ జిల్లా పేరు కోసం వెతకకండి.

ప్రతి కూలీకి ఒక వలస సంఖ్య ఇచ్చేవారు. అది దొరికితే సగం పని అయినట్టే, ఏ యజమాని కింద పెట్టారో తెలుస్తుంది.

ఒప్పందం 5 ఏళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. 1895 నాటి నాటాల్ చట్టం మాత్రం గడువు తీరాక అక్కడే స్వేచ్ఛగా ఉండిపోయినవారిపై ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేసింది. పౌండుకు 20 షిల్లింగులు, అంటే 6 నెలల జీతం! ఎంత అన్యాయమో చూడండి. ఆ భారం మోయలేక మళ్లీ ఒప్పందానికి ఒప్పుకున్నవారు, తిరుగు ఓడ ఎక్కినవారు ఎందరో. అందుకే తిరిగి వచ్చినవారి వివరాలు కూడా తప్పక చూడండి.

ఆయన తండ్రి పేరు, ఊరు తెలిస్తే రాయండి, నేనూ వెతుకుతాను.