అంతరిక్షం ఫొటోల్లో ఆ రంగులు నిజమేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అంతరిక్షంలో తిరిగే హబుల్, జేమ్స్ వెబ్ టెలిస్కోపుల ఫొటోల్లో కనబడే ఎరుపు, నీలం, బంగారు రంగులు నిజంగా ఆకాశంలో ఉన్నాయా, లేక కంప్యూటర్లో పూసినవా? చిన్న టెలిస్కోప్ కొనుక్కుంటే మన కంటికి కూడా అలా కనబడతాయా? మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. నేను ఖగోళశాస్త్రం చదువుకోలేదు కానీ కొన్నేళ్లుగా వీలు దొరికిన ప్రతి అమావాస్యకీ ఆకాశం చూస్తున్నాను. చూసినంతలో, తెలుసుకున్నంతలో చెబుతాను.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అలా కనబడవు. చాలా ఖరీదు పెట్టి కొన్నా ఫొటోలో ఉన్న ఆ రంగులు కంటికి అందవు. ఈ మాట నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది.

2019లో ఆన్‌లైన్లో 70 మిల్లీమీటర్ల టెలిస్కోప్ తెప్పించుకున్నాను. అట్టపెట్టె మీద ఎర్రగా, నీలంగా మెరిసిపోయే నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) బొమ్మ, పక్కన పెద్ద అక్షరాలతో '525 రెట్లు' అని రాసి ఉంది. నిజానికి ముందున్న కటకం ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు వరకే పెద్దది చేసి చూడటం పనికొస్తుంది. అంటే దాంతో 140 రెట్లు. అంతకు మించితే బొమ్మ మసకబారుతుంది తప్ప కొత్తగా ఏదీ కనబడదు. అమ్మేవాళ్లు ఆ సంగతి రాయరు. మొదటి రాత్రి మిద్దె మీద పెట్టి, ఓరియన్ అనే నక్షత్రాల గుంపులో ఉండే ఓరియన్ నెబ్యులా వైపు తిప్పాను. బూడిద రంగులో, ఊదితే పోయే పొగలాంటిది కనబడింది. అమ్మ వంగి చూసి, "ఏందిరా ఇది, బూజు మాదిరి ఉంది?" అంది. నాకు చాలా బాధేసింది. కటకం తుడిచాను, ఐపీసు (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) మార్చాను, అయినా అంతే. ఆ టెలిస్కోప్ నెలల తరబడి మంచం కింద ఉండిపోయింది.

అది టెలిస్కోప్ తప్పు కాదు, మన కంటి తీరే అంత. కంటి వెనక తెరలో రెండు రకాల కణాలుంటాయి. రంగు గుర్తుపట్టే కోనులకు వెలుగు బాగా కావాలి. చీకట్లో పనిచేసే రాడ్లకు రంగు తెలియదు. వెన్నెల రాత్రి మిరపచేలో నిలబడి చూడండి. మొక్క కనబడుతుంది, కాయ కూడా కనబడుతుంది, కానీ ఏది పండుకాయో ఏది పచ్చికాయో రంగును బట్టి చెప్పలేం. అంతమాత్రాన పండుకాయ ఎరుపు అబద్ధం కాదు కదా. పైగా కన్ను వెలుగును దాచుకోలేదు. సెకనులో పదో వంతు గడిచేసరికి పాత బొమ్మ పోయి కొత్త బొమ్మ వస్తుంది. కెమెరా అలా కాదు. చూరు కింద గాబు పెడితే చుక్కచుక్కగా నీళ్లు పోగైనట్టు, ఎంతసేపు తెరిచి ఉంచితే అంత వెలుగు పోగవుతుంది.

ఇదంతా చదివి తెలుసుకున్నాను కానీ మనసుకు ఎక్కింది మాత్రం 2021 సంక్రాంతికి. ఆ ఏడు భోగి, అమావాస్య ఒకే రోజు వచ్చాయి. పండక్కి సీఎస్ పురం మండలంలోని అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాం. భైరవకోన దగ్గరే. పడమర వెలిగొండలు, చుట్టూ మెట్టచేలు, రాత్రి ఎనిమిది దాటితే దీపాలు తక్కువ. (మొదట్లో సముద్రం ఒడ్డు చీకటిగా ఉంటుందని కొత్తపట్నం వెళ్లేవాళ్లం. ఆ దారిలో రొయ్యల చెరువుల గట్ల మీద తెల్లవార్లూ దీపాలే. ఉప్పుగాలికి కటకాల మీద తేమ కూడా పడుతుంది. మా వైపు ఆకాశం చూడాలంటే పడమటి వైపు వెళ్లడమే మంచిది.) స్నేహితుడి దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు అడిగి తెచ్చుకున్నాను. స్టాండు మీద బిగించి ఓరియన్ వైపు పెట్టాను.

మంచం మీద పడుకుని చూస్తున్న తాత, "గొర్రుకొయ్యలకా పెట్టావు?" అన్నాడు. ఓరియన్ నడుము దగ్గర వరుసగా ఉండే మూడు చుక్కల్ని మా వైపు పెద్దవాళ్లు అలాగే అంటారు. విత్తనం వేసే గొర్రుకు ఉండే కొయ్యల మాదిరి ఉంటాయని. సంక్రాంతి రోజుల్లో రాత్రి పది దాటాక అవి దాదాపు నడినెత్తికి వస్తాయి. వాటి కింద వేలాడుతున్నట్టు ఇంకో మూడు చిన్న చుక్కలుంటాయి. అందులో నడిమిది చుక్క కాదు, అదే నెబ్యులా.

భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలైపోతాయి. అందుకని ఒక్కొక్కటి 5 సెకన్ల చొప్పున 300 ఫొటోలు తీశాను. మొత్తం 25 నిమిషాల వెలుగు. పదకొండింటికల్లా లెన్సు మీద మంచు పట్టింది, అక్కడితో ఆపేశాను. ఒక్కో ఫొటో చూస్తే నల్లటి తెర మీద నాలుగు చుక్కలు, మధ్యలో చిన్న మసక. చీమకుర్తి వచ్చాక డీప్‌స్కైస్టాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో 300 ఫొటోల్నీ ఒకదాని మీద ఒకటి పేర్పించాను. అది గంటకు పైగా తీసుకుంది. తర్వాత చీకటిగా ఉన్న భాగాల వెలుగును మెల్లగా పెంచుతూ పోతే, ఆ మసకలోంచి రెక్కలు విప్పుకున్నట్టు గులాబీ రంగు వచ్చింది. నేను ఏ రంగూ వేయలేదు. కుంచె లాంటి దేన్నీ ముట్టుకోలేదు. ఆ ఎరుపు హైడ్రోజన్ వాయువుది, అమ్మమ్మ వాళ్ల వాకిట్లో నిలబెట్టిన కెమెరాలో పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నకు చూపిస్తే ఆయన ఆశ్చర్యపోలేదు. ఆయన ముప్పై ఏళ్లుగా గ్రానైట్ పాలిష్ పనిలో ఉన్నారు. చీమకుర్తి గెలాక్సీ రాయి గురించి మీరు వినే ఉంటారు. నల్లరాతిలో బంగారు చుక్కలుంటాయి, ఆకాశంలా ఉంటుందనే ఆ పేరు. క్వారీలో బ్లాకు తీసినప్పుడు చూస్తే అది మట్టిగొట్టుకుపోయిన నల్లరాయి. కోసి, నీళ్లు పోస్తూ, గరుకు బిళ్లల నుంచి నున్నటి బిళ్లల దాకా వరుసగా పట్టిస్తే అప్పుడు చుక్కలు పైకి తేలతాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజం. "మేం రాయికి రంగు వేస్తామంట్రా? లోపల ఉన్నదాన్ని బయటికి తీస్తాం. ఇదీ అంతే కదా" అన్నారు. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

అయితే కొన్ని ఫొటోల విషయంలో పాలిష్ ఒక్కటే కాదు, రంగు మార్చడం కూడా ఉంటుంది. అది దాచకుండా చెప్పాలి. హబుల్ కెమెరా తీసేవి నలుపు తెలుపు ఫొటోలే. ముందు ఒక ఫిల్టర్ పెట్టి ఒకటి, ఫిల్టర్ మార్చి ఇంకొకటి తీస్తారు. తర్వాత ఒక్కోదానికి ఒక్కో రంగు ఇచ్చి కలుపుతారు. మీ ఫోన్ కెమెరా కూడా లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతోనే పనిచేస్తుంది. కాకపోతే అన్నీ ఒకేసారి తీస్తుంది. 1995లో హబుల్ తీసిన 'సృష్టి స్తంభాలు' ఫొటో చూసే ఉంటారు. ఈగిల్ నెబ్యులాలో ఏనుగు తొండాల్లా లేచిన ధూళి మేఘాలవి. అందులో గంధకం వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి హైడ్రోజన్ వెలుగూ ఎరుపే, గంధకం వెలుగూ ఎరుపే. ఉన్నదున్నట్టు కలిపితే రెండూ కలిసిపోయి ఎక్కడ ఏ వాయువు ఉందో తెలియదు. విడదీసి చూపడానికి అలా ఇచ్చారు. ఆ ఆకారాలు, వెలుగునీడలు, అంచులు అన్నీ ఉన్నవే.

వెబ్ సంగతి వేరు. అది చూసేది ఎక్కువగా పరారుణ కాంతి, మన కంటికి అసలే కనబడనిది. అందులో పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం ఇస్తూ వరుస చెడకుండా రంగులు వేస్తారు. బాగా తగ్గు శ్రుతిలో ఉండి మనకు వినబడని పాటను, వినబడే శ్రుతికి ఎత్తి పాడినట్టు. స్వరాల వరస మారదు, పాట అదే. 2022 జులై 12న దాని మొదటి రంగుల ఫొటోలు వచ్చినప్పుడు మా అక్క కూతురు, అప్పటికి ఏడో తరగతి, "మామా, చుక్కలకు ఆ కోణాలు ఎందుకున్నాయి? అవి కూడా వేసినవేనా?" అని అడిగింది. మంచి ప్రశ్న. వెబ్ అద్దం 18 ఆరుకోణాల పలకలతో చేసింది. ఆ అంచుల దగ్గర, ముందున్న చిన్న అద్దాన్ని పట్టుకునే కడ్డీల దగ్గర వెలుగు చెదిరి మెరిసే చుక్కకు ఎనిమిది కోణాలు వస్తాయి. హబుల్ ఫొటోల్లో నాలుగే ఉంటాయి. ఇప్పుడు నా దగ్గరున్న 6 అంగుళాల డాబ్సోనియన్‌తో (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) తీసినా నాలుగే, ఎందుకంటే దాని చిన్న అద్దాన్ని నాలుగు రేకులు పట్టుకుని ఉంటాయి. చుక్కకు కోణాల్లేవు, చూసే పరికరం ముద్ర అది. ఇక ఫొటో చూసి వెబ్‌దా హబుల్‌దా అని ఆ పిల్ల వెంటనే చెప్పేస్తుంది.

నన్నడిగితే అసలు చిక్కు రంగులతో కాదు, ఏది ఏమిటో చెప్పకుండా పంపే వాట్సాప్ ఫార్వర్డులతో. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల బొమ్మలు, సముద్రాలూ మేఘాలతో వచ్చేవి, చిత్రకారులు ఊహించి గీసినవి. విడుదల చేసినవాళ్లు కింద ఆ మాట రాస్తారు, ఫార్వర్డులో ఆ మాట పోతుంది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన బ్లాక్ హోల్ ఫొటోలో వలయం నిజం, నారింజ రంగు మాత్రం ఎంచుకున్నది. అది రేడియో తరంగాలతో తీసింది, వాటికి రంగేముంది? ప్రతి దీపావళికీ తిరిగే 'అంతరిక్షం నుంచి దీపావళి రాత్రి' ఫొటో అయితే దీపావళిది కానే కాదు. 1992 నుంచి 2003 దాకా మన దేశంలో రాత్రి దీపాలు ఎలా పెరిగాయో చూపడానికి ఉపగ్రహ సమాచారంతో తయారుచేసిన పటం అది. ఏ రంగు ఏ ఏడాదిదో చెప్పడానికి రంగులిచ్చారు. అనుమానం ఉంటే మూలం దాకా వెళ్లండి. హబుల్, వెబ్ తీసిన ముడి ఫొటోలు కొంతకాలం తర్వాత అందరికీ ఉచితంగా దొరుకుతాయి. గురుగ్రహం దగ్గరకు పంపిన జూనో వ్యోమనౌక కెమెరా ఫొటోలైతే ముడివే పెట్టి, మీరే తయారు చేయండి అంటారు. నేను రెండు చేసి చూశాను. దాచిపెట్టేవాళ్లు అలా చేతికివ్వరు.

మరి కంటికి బూజులా కనబడేదాన్ని చూడటం దేనికి అంటారేమో. నేను మళ్లీ మంచం కింద నుంచి టెలిస్కోప్ తీసింది ఆ గులాబీ రంగు చూశాకే. ఈసారి ఆ బూడిద పొగను అరగంట చూశాను. ఓరియన్ నెబ్యులా సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం, అంటే అక్కడి వెలుగు మన దాకా రావడానికి అన్నేళ్లు పడుతుంది. మన అద్దంకి శాసనం 848 నాటిది. ఆ రాతి మీద తరువోజ పద్యం చెక్కేనాటికే ఈ వెలుగు బయల్దేరి ఒకటిన్నర శతాబ్దం దాటింది. ఇన్నాళ్లూ ఎక్కడా ఆగకుండా వచ్చి నా కంట్లో పడింది. ఫొటోలో రంగుంది, వివరం ఉంది. ఈ తాకిడి మాత్రం ఐపీసు దగ్గరే దొరుకుతుంది. 1995 డిసెంబరులో హబుల్ కూడా సప్తర్షి మండలంలో ఏమీ లేనట్టున్న చిన్న చోటు వైపు పది రోజులు చూసి, 342 ఫొటోలు పేర్చి, దాదాపు 3,000 గెలాక్సీలు చూపించింది. నావి 300, దానివి 342. పద్ధతి ఒకటే అని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

గ్రహాలు, చంద్రుడు వేరు. అవి వెలుగు ఎక్కువున్నవి, ఫొటోలో ఉన్నట్టే కనబడతాయి. శని వలయం 30 రెట్లకే తెలుస్తుంది. అమ్మ అది చూసి, "ఇది బొమ్మ అంటించావు" అని కటకం ముందు చెయ్యి పెట్టి చూసింది.

కొనాలనుకుంటే ముందు 10×50 బైనాక్యులర్లు (10 రెట్లు, 50 మిల్లీమీటర్ల కటకాలు) కొనండి. నవంబరు, డిసెంబరు మన వైపు వానలు, తుఫాన్లు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. మనకు ఒక అదృష్టం కూడా ఉంది. వెబ్ మొదటి ఫొటోల్లో బంగారు కొండల్లా కనబడింది కరీనా నెబ్యులా అంచు, సుమారు 7,600 కాంతి సంవత్సరాల దూరం. ఢిల్లీలో అది నేలకు ఆనుకుని మాయమైపోతుంది. ఒంగోలు, నెల్లూరు వాళ్లకు దక్షిణాన పదిహేను డిగ్రీల పైకి లేస్తుంది. చేయి చాపి పిడికిలి పట్టుకుంటే ఒకటిన్నర పిడికిలి ఎత్తు. మార్చి చివర రాత్రి పదిన్నరకు, ఏప్రిల్ మధ్యలో తొమ్మిదిన్నరకు, చంద్రుడు లేని రోజు, దక్షిణం వైపు ఊరి దీపాలు లేని చోట, త్రిశంకు నక్షత్రాలకు (ఇంగ్లిష్‌లో సదరన్ క్రాస్) కుడి పక్కన వెతకండి. మసక మచ్చ, దాని చుట్టూ పొడి చల్లినట్టు చుక్కలు కనబడతాయి. నేరుగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. వెబ్ ఫొటోను మాత్రం ఇంట్లోనే బాగా చూసి వెళ్లండి. అక్కడ ఫోన్ తీస్తే, కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది.