పాత రిపోర్టు ఉండగా మళ్లీ జీన్ టెస్టు దేనికి?

ప్రశ్న: నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉందని జెఫిటినిబ్ మాత్రలు ఇచ్చారు, బాగానే పనిచేశాయి. ఇప్పుడు గడ్డ మళ్లీ పెరుగుతోందట, ఇంకోసారి బయాప్సీ, డీఎన్ఏ పరీక్ష అంటున్నారు. పాత రిపోర్టు చాలదా? డబ్బు దండగేమోనని అనుమానం.

జవాబు: దండగేమీ కాదు, చేయించండి. పాత రిపోర్టు తప్పని కాదు, అది అప్పటి గడ్డ గురించి చెప్పింది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ డీఎన్ఏలో ఏదో ఒక మార్పు రావచ్చు, మందు వేశాక దాన్ని తట్టుకునే మార్పు ఉన్న కణాలు మిగిలి, అవే పెరుగుతాయి. క్యాన్సర్ ఇలా పరిణామం చెందుతుందని అమెరికా శాస్త్రవేత్త పీటర్ నోవెల్ 1976లోనే రాశారు, కాకపోతే అప్పట్లో డీఎన్ఏని అక్షరం అక్షరం చదివే సాధనం లేదు.

ఇప్పుడుంది. సీక్వెన్సింగ్ మెషిన్ డీఎన్ఏలో ఒకే చోటుని వందలసార్లు చదువుతుంది. మొదట్లోనే వచ్చిన మ్యుటేషన్ గడ్డలోని కణాలన్నిటిలో ఉంటుంది, జన్యువుకి రెండు ప్రతులు కాబట్టి సుమారు సగం రీడ్స్‌లో (అంటే చదివిన సార్లలో సగంలో) కనిపిస్తుంది. అదే పది శాతంలో కనిపించిందనుకోండి, అది తర్వాత కణాల ఏదో ఒక శాఖలో పుట్టి ఉండాలి. (శాంపిల్‌లో మామూలు కణాలు కలిస్తే ఈ అంకెలు తగ్గుతాయి, ఆ లెక్కా వేస్తారు.) ఏది ముందు, ఏది వెనక అన్నది ఇలా తేలుతుంది, నాకు మాత్రం ఈ రంగంలో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇదే. ఒకే గడ్డలోనూ ఒకచోట ఉన్నది ఇంకోచోట ఉండకపోవచ్చు: 2012లో లండన్‌లో చార్లెస్ స్వాంటన్ బృందం కిడ్నీ క్యాన్సర్‌ని ముక్కలుగా తీసి చదివితే, దాదాపు మూడింట రెండొంతుల మ్యుటేషన్లు అన్ని ముక్కల్లోనూ కనబడలేదు.

ఇక మీ విషయం. జెఫిటినిబ్ వాడి మళ్లీ పెరిగినవాళ్లలో సుమారు సగం మందికి టీ790ఎం అనే కొత్త మ్యుటేషన్ దొరుకుతుంది. అది ఉంటే ఒసిమెర్టినిబ్ అనే వేరే మాత్ర ఉంది. పాత రిపోర్టు చూసి ఆ నిర్ణయం తీసుకోలేరు. బయాప్సీ సూది అంటే టెన్షన్ అయితే ముందు రక్త పరీక్ష చేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి, గడ్డ నుంచి రాలిన డీఎన్ఏ రక్తంలోనూ తిరుగుతుంది. కానీ అందులో కనబడలేదంటే గడ్డలో లేదని కాదు, అప్పుడు బయాప్సీ చేయించాల్సిందే. పైగా కొందరిలో గడ్డ ఏకంగా స్మాల్ సెల్ అనే వేరే రకం క్యాన్సర్‌గా మారిపోతుంది, దాన్ని నిర్ధారించాలంటే ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడాలి.