రబ్బరు అచ్చు రెండో పోతకే చిరిగిపోతోంది, సిలికాన్‌కి మారాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి మోడల్ దృశ్యంలోని బొమ్మ కొండచరియ కోసం అసలు రాయి మీద లేటెక్స్ (పాలలాంటి ద్రవ రబ్బరు) మూడు పూతలు ఒకే సాయంత్రం వేశారు, రెండోసారి ప్లాస్టర్ పోసి తీస్తుంటే అంచు చిరిగింది.

సిలికాన్‌కి మారక్కర్లేదు. మూడు పూతలు చాలవు, పైగా తొందరగా వేశారు. నా మొదటి అచ్చూ ఇలాగే పోయింది. పైకి ఆరినట్టే ఉంది, ఒలిస్తే మధ్యలో ఇంకా పాలలా తెల్లగా తడి! లేటెక్స్‌లోని నీరు ఆవిరైతేనే అది రబ్బరవుతుంది. పైపొర ముందే బిగిస్తే లోపలి తడికి దారి ఉండదు. గడియారం చూడకండి, రంగు చూడండి. తెలుపంతా పోయి తేనె రంగు తిరిగాకే తర్వాతి పూత. పగుళ్లలో పాలు నిలిచి చివరగా ఆరతాయి కాబట్టి నేను వాటినే చూస్తాను.

అన్నిటికన్నా మొదటి పూత ముఖ్యం. రాతి గీతలన్నీ దాంట్లోనే పడతాయి. రాయిని కడిగి, కాస్త తడిగా ఉండగానే, పల్చటి పూతని కుంచె కొసతో పొడుస్తూ పగుళ్లలోకి దించండి. అక్కడ బుడగ మిగిలితే అచ్చులో గుంట పడుతుంది, తర్వాత పోసే ప్రతి రాయి మీదా మొటిమ తేలుతుంది. కుంచెని ముందే సబ్బునీళ్లలో ముంచితే రబ్బరు అంటుకుని పాడవదు. అమ్మోనియా ఘాటు ఉంటుంది, కిటికీలు తీసి పెట్టండి. రబ్బరు పడనివాళ్లు మాత్రం లేటెక్స్ జోలికి వెళ్లొద్దు.

నేను 7, 8 పూతలు వేస్తాను. నాలుగోదాని తర్వాత బ్యాండేజీ గుడ్డ చిన్న ముక్కలుగా కత్తిరించి తడి లేటెక్స్‌లో అద్దుతాను. ముందే పెడితే గుడ్డ నేత రాతి మీద కనిపిస్తుంది. చిరుగు అంచు నుంచే మొదలవుతుంది, కాబట్టి అంచులు ఇంకా మందంగా ఉండాలి.

ప్లాస్టర్ పోసే ముందు అచ్చు లోపల సబ్బునీళ్లు చిలకరించండి. ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కుతుంది, ఆ వేడి తగ్గుముఖం పట్టాక అంచుల నుంచి నెమ్మదిగా ఒలవండి. లేటెక్స్‌లో నాకు నచ్చేది దాని వంపు. ప్లాస్టర్ చిక్కబడగానే అచ్చుతో సహా తడిపిన వాలు మీద అదిమితే రాయి కొండ ఒంపుకి తగ్గట్టు కూర్చుంటుంది.

లేటెక్స్ ఆరుతూ కొంచెం కుదించుకుపోతుంది. రాయికి అది లెక్కలోది కాదు. కొలత తప్పకూడని ఇటుక గోడలకీ, రెజిన్ (పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోతకీ సిలికానే మేలు. ప్లాటినం రకం సిలికాన్ అయితే గంధకం ఉన్న మైనపుమట్టి నమూనా మీద గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది.

చిరిగినదాన్ని పారేయకండి. చివర పోసిన రాయిని అందులోనే ఉంచి, చిరుగు అంచులు కలిపి, బయటివైపు గుడ్డముక్క పెట్టి రెండు మూడు పూతలు వేయండి. ఆరిన లేటెక్స్‌కి కొత్త లేటెక్స్ బాగా పట్టుకుంటుంది. తర్వాత టాల్కం పౌడర్ చల్లి, ఎండ తగలనిచోట మడత పెట్టకుండా ఉంచండి.