పోయినవాళ్ళ కోసం గోడ మీద బొమ్మ: సవరలు ఎలా వేస్తారంటే

నాన్నగారు పోయిన దుఃఖంలో బొమ్మ వేయాలనుంది, అలాంటి ఆచారం మనవైపు ఉందా అని అడిగారు. ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ, హద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ ఉండే సవర గిరిజనులు పోయినవాళ్ళ ఆత్మ కోసం ఇంటి లోపలి గోడ మీద ఒక ఇల్లు గీసిస్తారు. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటారు. దయచేసి దీన్ని వర్లీ అనకండి, అది మహారాష్ట్ర గిరిజనుల బొమ్మల తీరు. ఎగ్జిబిషన్లలో చదువుకున్నవాళ్ళే ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

గోడకి ఎర్రమన్ను పూసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద గీస్తే ఎరుపు పైకి తేలి తెల్లగీత గులాబీ రంగుకు తిరుగుతుంది. తెల్లరంగు కోసం నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టాలి. పలచనైతే గీత ఆరాక కనపడదు, మరీ చిక్కనైతే పెచ్చులూడుతుంది. కుంచె అంటే వెదురుపుల్ల, చివర నలగ్గొట్టి పీచు తీసింది. ముందు చుట్టూ చట్రం, తర్వాతే లోపలి మనుషులు.

గీయడంతో పని అయిపోదు. బొమ్మ ముందు బియ్యం, కల్లు పెడితే పూజారికి పూనకం వస్తుంది. పోయినవాడు అతని నోట పలుకుతూ తన ఇల్లు చూసుకుంటాడు. ఫలానాది లేదంటే అప్పటికప్పుడు గీయాల్సిందే. 1940లలో ఆ కొండల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఇదంతా రాసిపెట్టాడు. సూర్యచంద్రులు, ఏనుగుల సరసనే సైకిళ్ళు, తుపాకులు, విమానాలు కనపడతాయి. కాకి పిండం ముట్టకపోతే ఏ కోరిక మిగిలిపోయిందోనని మనం తల పట్టుకుంటాం. వాళ్ళు నేరుగా అడిగేస్తారు.

అందుకే 'మీ మనసులో ఉన్నది గీసేయండి' అనే ఆర్ట్ థెరపీ సలహా నాకు నచ్చదు. మీ నాన్నగారు ఏమడుగుతారో అది గీయండి. ఆయన స్కూటరో, పొలంలో మోటారో, చుట్టల కట్టో.

అపార్ట్‌మెంట్‌లో ఎమల్షన్ పూసిన గోడకి మట్టి పట్టదు. ప్లైవుడ్ పలకకి ముతక నూలుగుడ్డ మైదా జిగురుతో అంటించి, దానిమీద ఎర్రమన్ను పూయండి. పిండిలో కాస్త తుమ్మజిగురు కలపకపోతే చేతికి అంటుకొచ్చేస్తుంది. చీమల బెడద ఉంటే పిండి సగానికి తగ్గించి మిగతాది సుద్ద వేయండి. వార్నిష్ మాత్రం వద్దు, తెలుపు పసుపెక్కుతుంది. రాలినచోట ఏటా ఆబ్దికం నాటికి మళ్ళీ దిద్దుకోవచ్చు.